అంగుష్ఠదుర్గ విజయము

హేమంతప్రభాతమున గౌతమీతీరమందలి కడియపు తోటలు మంచుతెరలు కప్పుకొని గులాబిమొగ్గలను కన్నుల నరవిచ్చి సూర్యునికై యెదురుచూచుచుండ అంటుకట్టుటయం దారితేఱిన సత్యవేణి యను తోటకత్తె బొటనవ్రేల ముల్లొకటి లోతుగా నాటెను. కొమ్మగాయమునకు మన్ను మెత్తు చేతులు తమ గాయమునకును దానినే మెత్తుట యా తోటలవారి యలవాటు. తోడివారు వారింపగా సత్యవేణి నవ్వి "కొమ్మని బతికించే మన్ను నన్ను సంపుద్దా ఏటి?" అని తడిమన్నద్ది మరల పనిలో బడెను. పాపము, ఆ మంటిలో కంటి కగపడని మారణక్రిములు కోట్లకొలది కాచుకొనియుండెను.

చర్మప్రాకారమునబడిన గండిగుండ నా శత్రుమూక లోన జొరబడి క్షణక్షణాభివృద్ధి నొందసాగెను. అది రక్తనదిని జేరెనేని దేహదుర్గ మంతయు నాశనమే. అచట కావలియున్న కబళనాయకుడను స్థూలకాయుడైన భక్షకకణవీరుడు శత్రువుల పేరెఱుగడు, మున్నెన్నడును వారిని చూచి యెఱుగడు. అయినను ఎదురైన ప్రతివాని పైవస్త్రమును తడవి చూచుట వాని కులవిద్య. తొలిక్రిమి యంగవస్త్రము చేతికి తగిలినంతనే వాడు దానిని బిగియబట్టెను.

"ఈ నేత మన మగ్గములది కాదు!" అని గర్జించి దాని నమాంతము మ్రింగి గట్టు సడలించి సైన్యమును విడువుడని నలుదెసల రసాయనసందేశములను బఱపెను.

రక్తనదీతీరపాలుడు సంశయించెను. "నాయకా! గట్టు సడలించితినేని నీ సీమ మునిగి యుబ్బును. తాపమునకు నీవును మాడుదువు."

"ఉబ్బనిమ్ము, మాడనిమ్ము! జాగుచేసితివేని కాచుటకు దుర్గమే మిగులదు!"

గట్టు సడలెను. వ్రేలు కందగడ్డయై సలుపుచుండ నదినుండి ధవళకణసైన్యము పొరలివచ్చెను. ఆ వీరులలో కొందఱు శత్రువులను మ్రింగిరి, కొందఱు విషము గ్రక్కిరి. మఱికొందఱి సాహసము నేమని చెప్పుదును! తమ గర్భమందలి జన్యుతంతువులనే వెలికి జిమ్మి వలలుగా బన్ని పగవారిని జిక్కించి తామును నేలకొఱిగిరి. రక్తనదిని ఒక్క క్రిమియైనను జేరలేదు. ఎంత గొప్ప గెలుపు!

కొలది దినములకు వాపు తీసెను. గాయముఖమున నిలిచిన చీముబొట్టును జూచి సత్యవేణి "ఛీ!" యని మొగము చిట్లించి గుడ్డపేలికతో తుడిచి పాఱవైచెను. అది తనకై యొడలు విడిచిన వీరుల కళేబరరాశి యని యామె యెఱుగదు. ఎఱుగకపోయినను కొఱత లేదు. అట్లు తుడిచి పాఱవైచుటకు ఆమె బ్రదికియుండుటయే వారి జయము.