భూదేవి పళ్ళు

"జర అటు మర్లి మాట్లాడు. వాసనొస్తది" అన్నాడు లక్ష్మీరాజం, భార్య వడ్డించిన అన్నం కలుపుకుంటూ. అత్త గంగవ్వ కిసుక్కున నవ్వింది. భూదేవి పప్పుగిన్నె అతని ముందు పెట్టి, ఇంకేమైనా కావాలా అని గోడవైపు తిరిగి అడిగింది. ఎనిమిదేళ్ళుగా ఇదే అలవాటు. చిన్న కూతురు కడుపులో ఉన్నప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం రావడం మొదలైంది. "కడుపుతోని ఉన్నోళ్లకు గట్లనే అయితది, తియ్" అంది అప్పట్లో గంగవ్వ. కాన్పయింది, పిల్ల బడికి కూడా పోతోంది, రక్తం మాత్రం ఆగలేదు.

భూదేవి పనిచేసేది పళ్ళ దవాఖానలోనే. వాళ్ళు బతుకుదెరువుకు వచ్చిన గుజరాతీ పట్నంలో, లింబాయత్ అనే పేటలో, ఒక ఇరుకు సందు చివర ఉన్న ఆ క్లినిక్‌లో, ఆరేళ్ళుగా డాక్టరమ్మ పక్కన నిలబడి, రోగి నోట్లో ఊరే నీళ్ళను లాగే సక్షన్ గొట్టం పట్టుకుంటుంది. డాక్టరమ్మ గుజరాతీ ఆవిడ, భూదేవిని 'బెన్', అంటే అక్కా, అని పిలుస్తుంది. సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే తెలుగువాళ్ళు వస్తే నచ్చజెప్పేది భూదేవే. "భయపడకు తమ్మీ, గిది కత్తి కాదు. ఈ మిషిని ముల్లు సెకనుకు వేలసార్లు వణుకుతది, కంటికి కనవడది. ఆ వణుకుడుకే పంటిని పట్టుకున్న గార పెచ్చులు పెచ్చులు ఊడుతది. ముల్లు వేడెక్కకుండ నీళ్లొస్తయి, ఊడిందంత ఆ నీళ్లల్ల కొట్టుకపోతది. గుట్కా తినేటోళ్లకు, షుగరున్నోళ్లకు, చిగుర్లు వాసి నెత్తురొచ్చేటోళ్లకు మస్తు ఫాయిదా. గుండెల మిషిని గిట్ల ఉంటె ముందుగాల్నే చెప్పాలె."

అలా చెబుతున్నప్పుడే ఆమె నాలుకకు ఉప్పగా తన రక్తం తగిలేది. మాస్కంటే ఆమెకు ఇష్టం. అది ఉంటే ఎవరి ముఖంలోకైనా చూసి మాట్లాడవచ్చు.

పోయినేడు లక్ష్మీరాజాన్ని తనే తీసుకొచ్చి శుభ్రం చేయించింది. గుట్కా మరకలు పోయి, నెలరోజులు అతను అద్దం వదల్లేదు. "నేను గూడ చేపిచ్చుకుంట" అంటే, "నీ పండ్లు ఎవలు జూస్తరే?" అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగాడు.

ఊరిని ముంచిన పెద్ద వరద వచ్చిపోయిన మరుసటేడు వానాకాలం. వీధిలో నీళ్ళు నిలిచి ఒక మధ్యాహ్నం ఒక్క పేషంటూ రాలేదు. భూదేవి మాస్కు దించి మంచినీళ్ళు తాగితే గ్లాసు అంచున ఎర్రటి గీత పడింది. అది డాక్టరమ్మ కంటబడింది.

"భూదేవీబెన్, కుర్చీలో కూర్చో."

లోతు కొలిచే సన్నటి కడ్డీ పంటికీ చిగురుకీ మధ్య లోపలికి దిగుతూనే పోయింది. తరువాత ముల్లు మోగింది. చక్కిలిగిలిలా ఉంటుందని ఆమె అందరికీ చెప్పే ఆ వణుకు ఇప్పుడు తన తలలోపల హోరెత్తింది. చల్లటి నీళ్ళు వేర్లకు తగిలి ప్రాణం లాగేసింది. సక్షన్ గొట్టం తనే పట్టుకుంది.

"ఇంత ముదరబెట్టుకున్నావేం?" అంది డాక్టరమ్మ హిందీలో. "కింది రెండు పళ్ళు నిలవవు. ఎముక కరిగిపోయింది, అది మళ్ళీ రాదు. మిగిలినవైనా ఉండాలంటే వేర్ల దాకా ఇంకో మూడుసార్లు శుభ్రం చెయ్యాలి. ఆరేళ్ళు నా పక్కనే ఉండి ఒక్కమాట చెప్పలేదే?"

భూదేవి పుక్కిలించి ఉమ్మింది.

"మీరు కూడా ఎప్పుడూ నోరు తెరవమనలేదు కదా మేడమ్" అంది, తనకొచ్చిన హిందీలో, మెల్లగా.

భూదేవి లేచి, తన రక్తం అంటిన పనిముట్లను తనే కడిగి పెట్టింది. అపాయింట్‌మెంట్ల పుస్తకం తెరిచి, గురువారం మూడు గంటల గడిలో తన పేరు రాసింది.

డాక్టరమ్మ తొంగిచూసింది. "గురువారం రద్దీ ఎక్కువ కదా భూదేవీబెన్. మిగతా పేషంట్లకు సక్షన్ ఎవరు పట్టుకుంటారు?" అని అడిగింది, నెమ్మదిగానే.

గురువారం మూడు గంటలకు ఆ కుర్చీలో తాను ఉండబోనని భూదేవికి అర్థమైపోయింది. అయినా పేరు కొట్టెయ్యలేదు. కొట్టేసేవాళ్ళు ఎలాగూ కొట్టేస్తారు, ఆ పని కూడా తన చేత్తో ఎందుకు చెయ్యాలి అనుకుని పుస్తకం మూసింది.