ఆగకుండా ఒక గంట

నూట పదిహేడో జత తీగలకు క్లిప్పులు తగిలించి, టెస్టు ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మార్జిన్‌గారు కళ్లు మూసుకున్నారు. లైను శుభ్రంగా ఉంటే చెవిలో ఏమీ ఉండకూడదు, ఖాళీ గదిలో నిలబడ్డట్టుండాలి. ఉంది. చెవి వెనకనుంచి పెన్సిల్ తీసి పుస్తకంలో ఒక టిక్కు పెట్టి, నూట పద్దెనిమిదికి జరిగారు.

ఇనుప చట్రాల మీద పైనుంచి కిందికి వేల రాగి తీగలు. ఊళ్లో ప్రతి టెలిఫోనూ చివరికి ఈ గదికే వచ్చి చేరుతుంది. ఏ ఇంటి తీగమీద ఇంటర్నెట్ ఎంత వేగంతో పరుగెత్తాలో, అవతలికి ఎంత పంపాలో, ఇవతలికి ఎంత తెచ్చుకోవాలో నిర్ణయించే పని మార్జిన్‌గారిది. యాభై ఏడేళ్లు. సన్నటి మనిషి. తీగలు ఒలిచి ఒలిచి ఎడమ బొటనవేలి గోరు మధ్యకి చీలి, అలాగే పెరగడం అలవాటు చేసుకుంది. చేతి గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది. చెడిపోయి కాదు, ఆయనే అలా పెట్టుకున్నారు.

పేరు అలాగే వచ్చింది. తీగలో మన సంకేతం ఒకటి పోతుంటే, దాని పక్కనే ఊళ్లో ఉన్న మోటార్లూ లైట్లూ చేసే గోల కూడా పోతుంటుంది. ఆ రెండింటి మధ్య ఎంత ఎడం ఉందో అదే మార్జిన్. ఎడం తగ్గించుకుంటూ పోతే వేగం వస్తుంది, కానీ ఎప్పుడు తెగుతుందో తెలియదు. ఆయన ఆ ఎడాన్ని ఆరుకి తగ్గనిచ్చేవారు కారు. తోటివాళ్లు వేగం పన్నెండు వస్తుందని చెప్పి పన్నెండు పెట్టిన చోట ఈయన ఎనిమిది పెట్టి ఊరుకునేవారు. జనం నెల్లాళ్లు తిట్టేవాళ్లు. ఆ తర్వాత లైను సంగతీ, దాంతోబాటు ఆయన సంగతీ మర్చిపోయేవాళ్లు. ఆ మరుపే లాభమని ఆయన లెక్క.

ఈ బుద్ధి తండ్రి బట్టల కొట్లో అబ్బింది. ఆయన గుడ్డ కొలిచాక బొటనవేలి వెడల్పు వదిలి కత్తెర పెట్టేవాడు. చొక్కా పొట్టయిందని తిరిగొచ్చినవాడు లేడు. కొట్టు మూతపడింది, వేలు మాత్రం కొడుక్కి మిగిలింది. రైలుకి గంట ముందు వెళతారు. గ్లాసులో టీ మూడొంతులే పోస్తారు. మా ఆయన నవ్వు కూడా మూడొంతులేనని భార్య వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. అందుకు ఆవిడ దగ్గర సాక్ష్యం ఉంది. పెళ్లికి ముందు మూడేళ్లపాటు గ్రంథాలయంలో ఎదుటి బల్ల దగ్గర కూర్చుని, ఈయన పుస్తకం మీదుగా చూడటమే తప్ప నోరు విప్పలేదు. చివరికి ఆవిడే లేచి వచ్చి, "మీరు చదువుతున్న పుస్తకం తలకిందులుగా ఉంది, ఇంకా ఎన్నాళ్లు చదువుతారు?" అని అడిగింది.

ఇరవైతొమ్మిదేళ్ల ఉద్యోగంలో సుమారు పదకొండువేల లైన్లు. తిట్లకి లెక్క లేదు. మెప్పు కింద వచ్చినది ఒక గొడుగు, అదీ ఎవరో మర్చిపోయి వెళ్లింది.

పదిన్నరకి గడియారాలు బాగుచేసే అతను వచ్చాడు. నలభై దాటిన మనిషి, పుట్టుకతో వినపడదు, నోటితో మాట్లాడడు. ఆఫీసులో అందరికీ తెలిసినవాడే, ఈ ఏడాదిలో ఇది ఎనిమిదోసారి రావడం. కౌంటరు దగ్గర ఆగకుండా నేరుగా లోపలికి వచ్చి, మార్జిన్‌గారి ముందు కాగితం పెట్టాడు. రిపేరు చీటీ వెనకవైపు గుండ్రటి అక్షరాలు.

"ఇవాళ నాలుగింటికి ఒక గంట ఆగకుండా కావాలి. రేపు ఎలా ఉన్నా ఫర్వాలేదు."

మార్జిన్‌గారికి ఆ చీటీ తెగ నచ్చింది. అందరూ వేగం అడుగుతారు, ఎంత కావాలంటే తడుముకుంటారు. తనకేం కావాలో ఇంత కొలిచి అడిగిన మనిషి ఆయనకి తగల్లేదు. ఎందుకని పెన్సిల్‌తో అడిగారు. అతను చెవులు ఎర్రబడుతుండగా మరో నాలుగు చీటీలు నింపాడు.

వేరే ఊళ్లో పుస్తకాలు బైండు చేసే ఆవిడ ఉంది. ఆవిడకీ వినపడదు. ఏడాదిగా ఇద్దరూ కంప్యూటరు తెర మీద చేతులతో మాట్లాడుకుంటున్నారు. మూడుసార్లు అతను పెళ్లిమాట ఎత్తబోయాడు, మూడుసార్లూ బొమ్మ నిలిచిపోయింది. కిందటిసారి ఆవిడ చెయ్యి గాలిలో సగంలో ఆగి, అలాగే ఇరవై నిమిషాలు ఉంది. అది రమ్మనడమో పొమ్మనడమో అతనికి తెలియలేదు. అవతల ఆవిడకేమో, అసలు మాట వచ్చేసరికి ఇతనే తప్పుకుంటున్నాడని అనుమానం. ఇవాళ నాలుగింటికి కూర్చుంటానని, ఇది కూడా మధ్యలో ఆగితే నీకు చెప్పే ఉద్దేశం లేదనుకుంటానని ఉత్తరం రాసింది.

డెస్కు దగ్గర కూర్చునే అమ్మాయి ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది, ఏ లైను అంకెలైనా క్షణంలో తెరమీదికి తెస్తుంది. తెచ్చింది. నిన్న ఒక్కరోజే లైను పంతొమ్మిదిసార్లు తెగింది. ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు వేగం తగ్గించి చేతులు దులుపుకున్నారు. ఆరు, నాలుగు, రెండు, ఒకటి.

"ఇంక తగ్గించడానికి ఏం లేదు సార్. తగ్గిస్తే ఉత్తరం రాసుకోవడమే నయం."

"తీగ ఎవరైనా చూశారా?"

"ఫారంలో అడిగాం కదా సార్. ఫోన్‌లో గరగర వినిపిస్తోందా అని. ఏడుసార్లూ లేదనే రాశారు. గరగర లేకపోతే తీగ బాగున్నట్టే కదా."

అదే ఆఫీసు పద్ధతి. పద్ధతి పెట్టినవాళ్లలో మార్జిన్‌గారు కూడా ఒకరు. ఆయన తల ఊపి, సంచీ భుజాన వేసుకుని సైకిలెక్కారు.

మెట్ల కింద ఉన్న గదే గడియారాలతని కొట్టు. గోడలనిండా గడియారాలు, ఒకదానితో ఒకటి పడక తలొక తీరుగా కొట్టుకుంటున్నాయి. వీధి మొత్తంలో అంత గోలైన కొట్టు లేదు, అంత ప్రశాంతంగా కూర్చునే యజమానీ లేడు. గడియారం నడుస్తోందో లేదో అతను అద్దం మీద వేలి కొన ఆనించి చూస్తాడు. మూలన, కంప్యూటరు పక్కన, కనెక్షనుతోపాటు ఆరేళ్ల కిందట ఇచ్చిన టెలిఫోను ఉంది. ప్లాస్టిక్ తొడుగు కూడా తియ్యలేదు.

మార్జిన్‌గారు తొడుగు తీసి రిసీవరు చెవికి పెట్టుకున్నారు. పెట్టుకోగానే దూరంగా లాక్కున్నారు. రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు మోత.

రిసీవరు వంక చూశారు. అతని వంక చూశారు. ఫారం గుర్తొచ్చింది. గరగర వినిపిస్తోందా? లేదు. నిజమే రాశాడు. వినపడని మనిషని అందరికీ తెలుసు, ఫారంలో ఏం రాశాడో అందరూ చదివారు, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాడు ఆఫీసులో ఒక్కడు లేడు. తనతో సహా. మార్జిన్‌గారికి నవ్వొచ్చింది. మూడొంతుల దగ్గర ఆగాల్సిన నవ్వు ఆగలేదు. గడియారాలతను అనుమానంగా చూస్తుంటే కళ్లు తుడుచుకుని చీటీ అందుకున్నారు.

"ఈ ఫోను ఎప్పుడైనా ఎత్తారా?"

"ఎత్తి ఏం చెయ్యను? మీవాళ్లే ఇచ్చారు. దుమ్ము మాత్రం రోజూ తుడుస్తున్నాను."

మోత ఎక్కడ పుడుతోందో పట్టుకోవడానికి మూడు గంటలు పట్టింది. కొట్లో తీగ బాగుంది. గోడ మీద పెట్టె బాగుంది. వీధి మలుపులో నడుమెత్తు ఇనుప పెట్టె తలుపు తెరిచి, మోకాళ్లు టకటకలాడుతుండగా కూర్చుని, రెండు వందల జతల్లో అతని జతని వేళ్లతో తడుముకుంటూ వెనక్కి వెళితే, అడుగున ఒక జాయింటు దొరికింది. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టి వదిలేసినది. టేపులోకి నీళ్లు దిగి రాగి పచ్చబడింది. దానికి వెలిసిపోయిన ఎర్రదారం కట్టి ఉంది.

ఎర్రదారం కట్టే అలవాటు ఊళ్లో ఒక్కరికే ఉంది. ఇది తాత్కాలికం, రేపొచ్చి సరిగా చెయ్యాలి అని గుర్తు. ఆ రోజు మార్జిన్‌గారికి బాగా జ్ఞాపకం ఉంది. వానలో మెలిపెడుతుండగా భార్య ఫోను చేసింది, మనవరాలు పుట్టిందని. దారం కట్టి పరుగెత్తారు. మూడు రోజుల తర్వాత పనిలోకి వస్తే, దారం కట్టిన మిగతా లైన్లవాళ్లంతా గరగర అని గగ్గోలు పెట్టారు, అన్నీ సరిచేశారు. ఈ లైను నుంచి చప్పుడు లేదు. చప్పుడు లేని లైను బాగున్న లైనని లెక్క రాసుకున్నారు. మనవరాలికి ఎంత వయసో జాయింటుకీ అంతే. ఆరేళ్లు.

పచ్చబడ్డ ముక్క కత్తిరించి, చీలిన గోటితో కొత్త రాగి ఒలిచి, జిగురు నింపిన టోపీలో రెండు కొనలూ దూర్చి గట్టిగా నొక్కారు. టెస్టు ఫోను చెవికి పెట్టుకున్నారు. ఖాళీ గది. టైము చూసుకుంటే నాలుగవడానికి పది, అంటే నిజానికి నాలుగవడానికి ఇరవై.

కొట్టుకి తిరిగొచ్చి, డెస్కుకి ఫోను చేసి అంకెలు అడిగారు. ఇవతలికి వచ్చే వేగం మూడింతలయిందని అమ్మాయి సంబరంగా చెప్పింది. కానీ అతను తెర ముందు చేతులాడించి చూసి పెదవి విరిచాడు. తన బొమ్మలో వేళ్లు మసకబారుతున్నాయి. "వేళ్లు చెరిగితే మాకు మాట నమిలినట్టు" అని రాశాడు. అవతలికి పంపే వేగం చాలదు. అది పెరగాలంటే మార్జిన్ తగ్గాలి.

మార్జిన్‌గారు పొద్దుటి చీటీ తీసి మళ్లీ చదివారు. రేపు ఎలా ఉన్నా ఫర్వాలేదని రాశాడు ఆ మనిషి.

"మూడు పెట్టమ్మా."

అవతల అమ్మాయి, "సార్, మీరేనా మాట్లాడేది?" అంది.

"నేనే. మూడు పెట్టి, అంకె మీదనుంచి కన్ను తియ్యకు."

నాలుగయింది. లోపల తెర మీద పొట్టి జుట్టు ఆవిడ ప్రత్యక్షమై, ముందుగా వేలెత్తి ఏదో బెదిరించింది. మార్జిన్‌గారు మర్యాదగా బయటికొచ్చి అద్దాల తలుపు మూశారు. అద్దంలోంచి గడియారాలతని వీపూ, రెండు మోచేతులూ కనిపిస్తున్నాయి. మోచేతులు పక్షి రెక్కల్లా ఆడుతున్నాయి. చెవిలో అమ్మాయి చదువుతోంది. మూడు. రెండు పాయింట్ ఎనిమిది. మూడు.

నాలుగుంపావుకి మేడమీద ఎవరో నీళ్ల మోటారు వేశారు. ఒకటిన్నర, అంది అమ్మాయి. ఒకటి పాయింట్ రెండు. ఇరవైతొమ్మిదేళ్లలో మెట్లు రెండేసి ఎక్కడం ఆయనకి అదే మొదలు. ముప్పావుగంట మోటారు ఆపమని బతిమాలితే, మీరు ఇంటర్నెట్ వాళ్లా నీళ్లవాళ్లా అని మేడమీది ఇల్లాలు నిలదీసింది. కింద పెళ్లిచూపులవుతున్నాయని చెప్పాక, మోటారు ఆపడమే కాక తనూ కిందికి దిగొచ్చి అద్దం దగ్గర నిలబడింది. రెండు పాయింట్ తొమ్మిది. మూడు.

నాలుగూ నలభైకి మోచేతులు ఆగిపోయాయి.

గాలిలో ఒక చెయ్యి, ఒళ్లో ఒక చెయ్యి. కదలిక లేదు. మార్జిన్‌గారు ఫోను నోటి దగ్గరికి లాక్కున్నారు.

"తెగిందా? అమ్మాయ్, తెగిందా?"

"లేదు సార్, మూడు పాయింట్ ఒకటి." అంకె మళ్లీ చూసి చెప్పింది. "లైను ఆగలేదు సార్. ఆయనే ఆగారు."

తెర మీద ఆవిడ నవ్వుతోంది. చేతిని మళ్లీ మళ్లీ ఒకే తీరుగా తనవైపు ఊపుతోంది. ఆ భాష రానివాళ్లకి కూడా అది రమ్మనడమని తెలుస్తుంది.

అయిదింటికి అతను బయటికొచ్చాడు. చీటీ కోసం జేబు తడుముకుని, మానేసి, మార్జిన్‌గారి చెయ్యి పట్టుకుని గడియారం విప్పాడు. చెవి దగ్గర పెట్టుకునేవాళ్లని చూశాం గాని, అతను చెంపకి ఆనించుకున్నాడు. తల అడ్డంగా ఊపి, పక్క మీట లాగి, ముల్లు పది నిమిషాలు వెనక్కి తిప్పి, మళ్లీ మణికట్టుకి కట్టాడు. మార్జిన్‌గారు వద్దనలేదు. మార్జిన్ మళ్లీ ఆరుకి మార్చెయ్యనా అని డెస్కు అమ్మాయి అడిగితే, ఉండనీ అన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో గ్లాసు అంచుదాకా టీ పోసి, ఒలక్కుండా మోసుకెళ్లి భార్య చేతికిచ్చారు. రేపు సెలవు పెట్టానని, ఎక్కడికైనా వెళదామా అని అడిగారు.

"ఒంట్లో బాగానే ఉందా?" అంది ఆవిడ. అంటూనే చెప్పులు ఎక్కడున్నాయో చూసుకుంది.

సరిగ్గా పదకొండో రోజు కౌంటరుకి దరఖాస్తు వచ్చింది. గడియారాలతను బల్లా, పనిముట్లూ తీసుకుని ఆవిడ ఊరు వెళ్లిపోయాడు. ఆవిడ కొట్లో కిటికీ పక్కన చోటు ఉందట. లైను ఇక అక్కర్లేదు, మూసెయ్యండి, అని గుండ్రటి అక్షరాలు. మార్జిన్‌గారు లెక్క వేసి చూశారు. జీవితంలో అంత బాగా అమర్చిన లైను ఇంకొకటి లేదు. అది నడిచింది పదకొండు రోజులు. ఇలాంటి నష్టం ఏడాదికి ఒకటైనా వస్తే బాగుండునని అమ్మాయితో అన్నారు. పుస్తకంలో ఆ జత ఎదుట గీత కొట్టి, పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని, తర్వాతి తీగలకు క్లిప్పులు తగిలించారు.

దరఖాస్తుతోబాటు అతను తిరిగి ఇచ్చివెళ్లిన టెలిఫోను కిటికీ గట్టు మీద ఉంది. మీద దుమ్ము లేదు, దాని చుట్టల తీగ ఇచ్చిన రోజు ఎలా ఉందో అలాగే, ఒక్క మెలికైనా పడకుండా ఉంది.