బెత్తెడు తోకల చేను

ఆ ఇంట్లో పొద్దున్నే కోడి కంటే ముందు లేచేది ఇల్లాలి గొంతు. ఊళ్లో చిన్నా పెద్దా అందరూ ఆమెని వదిన అనే పిలుస్తారు. వదిన లేచి వంటగదిలోకి వెళ్తుంది, పొయ్యి పక్కన బుట్టలో ముడుచుకున్న గొర్రెపిల్లని తొక్కబోయి తప్పుకుంటుంది. ఇక అక్కణ్ణుంచి మొదలు.

"ఇది వంటిల్లా, గొర్రెల దొడ్డా? పిండిలో బొచ్చు, నీళ్లలో బొచ్చు. నిన్న నా దువ్వెనలో కూడా బొచ్చే. నాదో దానిదో తెలిసి చావలేదు!"

"నీదే అయ్యుంటుంది. దానిది మెత్తగా ఉంటుంది," అన్నాడు ఆమె మొగుడు వసారాలో పిల్ల పాలసీసా కడుగుతూ.

ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయారు. పక్కాదాయం అంటేనే పలుకుతాడు. జొన్నచేను ఒక్కదాన్నీ నమ్ముకుంటే లాభం లేదని, పంటకి పక్కన ఇంకో ఆదాయం ఉండాలని ఆయన పట్టుదల. ముందు బాతుల్ని తెచ్చాడు. అవి కాలవలో దిగి, వెనక్కి తిరిగి చూడకుండా ఈదుకుంటూ వెళ్లిపోయాయి. తరవాత కుందేళ్లు. అవి వంటగది గోడ కింద బొరియలు తవ్వి, గోడని పక్కింటి పిన్ని వైపు ఒరగబెట్టాయి. ఇప్పటికీ దానికి ఓ దుంగ ఆనించి ఉంది. ఆ తరవాత ఈ గొర్రెలు.

"గొర్రెల వల్ల చేనుకి ఎరువు, చేను వల్ల గొర్రెలకి మేత. ఒకదానికొకటి సాయం," అని చెప్పాడు, తెచ్చిన రోజు.

"మరి మధ్యలో నాకెవరు సాయం?" అంది వదిన.

ఆ ఊరి నేల సంగతి అందరికీ తెలిసిందే. దున్నిన చేలో ఎవరు కునుకు తీసినా, వాళ్ల కల అక్కడ మొలుస్తుంది. అందుకే మధ్యాహ్నం ఎంత అలసినా గట్టు మీదే నడుం వాలుస్తారు. ఒకసారి దర్జీ తాగి వాళ్ల బావమరిది చేలో పడిపోతే అక్కడంతా గుండీలు మొలిచాయి. ఇప్పటికీ ఎవరి చొక్కా గుండీ ఊడినా ఆ చేలోకే వెళ్లి ఏరుకొచ్చుకుంటారు.

విత్తనానికి ముందు ఎరువు కోసం రాత్రిపూట చేలో గొర్రెల మంద కట్టినప్పుడు కూడా అంతే, గొర్రెల్ని నిద్రపోనివ్వకూడదు. తెల్లారేదాకా ఎవరో ఒకరు పళ్లెం మోగిస్తూ తిరగాలి. పక్కాదాయం చేతికి వదినే ఇత్తడి పళ్లెం ఇచ్చి పంపింది. కానీ ఆయనకో జబ్బుంది. నిద్రపోతున్న ప్రాణిని లేపడం చేతకాదు. గొర్రెలు ఒకదాని వీపు మీద ఒకటి గడ్డం ఆనించుకుని కళ్లు మూస్తుంటే, ఆ మెత్తటి ఊపిరి చప్పుడు వింటూ పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

గొర్రె కలలో ఏముంటుంది? ముందు నడిచే గొర్రె తోక. విత్తిన జొన్న సగం చేలోనే మొలిచింది. మిగతా సగంలో వరసలు వరసలుగా తోకలు లేచాయి.

ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది.

"పెరుగుతాయంటావా?" అన్నాడు దర్జీ.

"గొర్రె తోక బెత్తెడే కదరా, ఎన్నేళ్లున్నా," అంది పిన్ని.

బెత్తెడు దగ్గరే ఆగాయి. పైగా వదిన పీకడానికి వంగితే చాలు, దుమ్ము ఆమె కళ్లలోకే విసిరేవి.

ఆ పైన వాన ముఖం చాటేసింది. మొలిచిన జొన్న కూడా మోకాలెత్తుకి రాకుండా ఎండిపోయింది. మేత లేదు. గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి. బుట్టలో పిల్ల అరవడం కూడా మానేసి, వదిన చీర కొంగు చప్పరిస్తూ పడుకుంటోంది. వదిన ఓ రాత్రంతా ఆలోచించి, గొర్రెల బేరగాడికి కబురు పెట్టింది. సంత ముందు రోజు వస్తానన్నాడు.

"అమ్మేస్తావా? అన్నిటినీనా?" అన్నాడు పక్కాదాయం.

"మీరు పెట్టండి మేత. మీ సిద్ధాంతాలు మేస్తాయేమో అడగండి!"

ఆయన వెళ్లి గోడకానించిన దుంగ సరిచేశాడు. అది సరిగ్గానే ఉంది.

రెండ్రోజులకి వదిన తోకలు పీకడానికి చేలోకి వెళ్లింది. గొర్రెపిల్ల వెంటపడి వచ్చింది. ఎండ మాడుస్తోంది. కాలిలో ముల్లు దిగితే తీసుకుందామని కూర్చుంది. పిల్ల వచ్చి ఆమె పాదాల మీద తల పెట్టుకుంది. కొత్తగా కాపురానికొచ్చిన నాటి నుంచీ పగలు కన్ను మూసి ఎరగని మనిషి, అలాగే పక్కకి ఒరిగిపోయింది.

కళ్లు తెరిచేసరికి పొద్దు వాలింది. ముఖం మీద చల్లటి నీడ. పైన గొడుగు పట్టుకుని ఆయన, ఆమె మీదికి ఒంగి ఒంగి నడుం పట్టేసి.

"అయ్యో అయ్యో! చేలో పడుకున్నానా? చూస్తూ నిలబడ్డారా? లేపొద్దూ!"

"నిద్రలో నీ నొసటి మీద ముడి విడిపోయిందే. ఎలా లేపను?"

"రేపు ఊరంతా వచ్చి నా కల చూసి నవ్వుతుంది!"

"ఏం కలొచ్చింది?"

"గుర్తుంటే కదా! మీ పీక నొక్కుతున్నట్టే వచ్చుంటుంది."

ఆ తరవాత సిగ్గుతో చేను వైపే వెళ్లలేదు.

సంత ముందు రోజు బేరగాడు రానే వచ్చాడు. గొర్రెల వీపులు తడిమి పెదవి విరిచాడు. "ఏంటక్కా ఇవి, వేళ్లకి ఎముకలే తగులుతున్నాయి. సరే, తోలుకుపోతాలే," అంటూ తాడు విప్పాడు. వదిన పిల్లని తేవడానికి వంటగదిలోకి వెళ్లింది. బుట్ట ఖాళీగా ఉంది.

అప్పుడే పిన్ని ఒరిగిన గోడ వెనక నుంచి కేకేసింది. "వదినా, చేలోకి రా! ఏం పండించావే తల్లీ!"

ఎండిన చేను మధ్య, పక్కకి తిరిగి పడుకున్న ఆడమనిషి ఆకారంలో మోకాలెత్తు పచ్చగడ్డి. కలకి వాన అక్కర్లేదు కదా. ముడుచుకున్న మోకాళ్లు, తల కింద చెయ్యి, వెనక జడ పొడుగునా పచ్చటి పాయ, అన్నీ గడ్డే. పాదాల దగ్గర, పిల్ల తల పెట్టుకున్న చోట, కొత్తగా ఒక్క బెత్తెడు తోక. దాని పక్కన గొర్రెపిల్ల, పొట్ట ఉబ్బేలా మేస్తోంది. అది కొరికిన చోట కొరికినట్టే మళ్లీ లేస్తోంది.

గట్టు మీద చేరిన ఊళ్లోవాళ్లెవరూ నవ్వలేదు. పక్కాదాయం మాత్రం ముఖం అటు తిప్పుకున్నాడు.

"మెలకువలో తిట్టేదీ వాటినే, కల్లో మేపేదీ వాటినేనా?" అన్నాడు మెల్లగా.

"నోరు ముయ్యండి," అంది వదిన. వంగి పిల్ల పొట్ట నిమిరింది.

"మరి బేరం సంగతి, అక్కా?" అన్నాడు బేరగాడు, తాడు చుట్టుకుంటూ.

"ఏం బేరం? ఎండన పడి వచ్చావు, మంచినీళ్లు తాగి వెళ్లు."

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం వదిన చాప చంకన పెట్టుకుని చేలోకి వెళ్తుంది, ఒక్కోరోజు ఒక్కో చోటికి. వెనకే ఆయన గొడుగుతో. ఆ పక్కన మంద దిట్టంగా మేస్తుంటుంది.

"గిన్నెలు అలాగే పడున్నాయి," అంటుంది పడుకుంటూ.

"తోమేశాను."

"ఏం తోముంటారు, జిడ్డు అలాగే ఉంటుంది. అన్నీ నేనే చావాలి ఈ కొంపలో. ఆఖరికి గొర్రెల మేత కోసం నిద్ర కూడా నేనే..."

మాట పూర్తి కాకుండానే నొసటి మీద ముడి విడిపోతుంది. ఆయన గొడుగుని ఎండ వచ్చే వైపుకి కొంచెం జరుపుతాడు.