మడమ మీది మచ్చ

గులు పట్టణంలో అచిరో పంతులమ్మగా ఉన్న రోజుల్లోనే చెల్లెలు లాకొత్ అడవి నుంచి తిరిగొచ్చింది. పదకొండేళ్లప్పుడు తిరుగుబాటుదారులు ఎత్తుకుపోయిన పిల్ల, ఇరవై నిండకుండానే చంకలో కూతురు అబెర్‌తో వచ్చింది. ఆ బిడ్డ తండ్రి ఏ దళనాయకుడో, తన చేత ఎవరెవర్ని చంపించారో, ఒక వానాకాలమంతా నువ్వులు నూరుతూ అక్క ఒక్కదానికే చెప్పుకుంది. బిడ్డ తండ్రి సూడాన్‌లో చనిపోయిన కూలీ అని ఊరికి చెప్పారు.

అచిరో దాన్ని ఇంగ్లీషులో నవలగా రాసింది. చెల్లెలికి ఇంగ్లీషు రాదు. పేర్లు మార్చాను కదా అని సర్దిచెప్పుకుంది. నవలకు లండన్‌లో బహుమతి వచ్చాక ఉద్యోగం మానేసి దేశాలు తిరిగింది. కథ ఎక్కడిదని సభల్లో ఎవరైనా అడిగితే, ఊహే అనేది.

రెండేళ్లకు ఊరి రేడియోవాళ్లు తమ అచోలీ భాషలో చదువుతామంటే, తన మాటలు తనవాళ్లు వింటారన్న సంబరంలో సంతకం చేసింది. వారం తిరక్కుండా, బోరింగు దగ్గర ఒక విధవరాలు లాకొత్ బిందెకు అడ్డం నిలబడింది.

"రేడియోలో పిల్లకి ఎడమ మడమ మీద కాల్చిన మచ్చ ఉందట. నీ కాలు చూపించు తల్లీ."

లాకొత్ చూపించలేదు.

"మా ఆయన్ని కొట్టి చంపింది నువ్వేనా?"

అచిరో నైరోబీ నుంచి పరుగున వచ్చేసరికి చెల్లెలు మూట కడుతోంది. గోడకు ఎవరో పేడ కొట్టిపోయారు.

"పేర్లన్నీ మార్చానే."

"మార్చావు. మచ్చ మార్చడానికి చేతులు రాలేదా అక్కా?"

"అది లేకపోతే ఎవరూ నమ్మరనిపించింది."

"నమ్మారులే."

కూతుర్ని తీసుకుని లారీ ఎక్కింది. ఎక్కడికో చెప్పలేదు. పుస్తకం ఆపేయమని అచిరో ప్రచురణకర్తలకు రాస్తే, నాలుగో ముద్రణ అచ్చవుతోందని జవాబొచ్చింది. తరవాత ఆమె రాసిన రెండు నవలల్లోనూ ప్రాణం లేదన్నారు విమర్శకులు. ఆమెకూ అలాగే అనిపించింది. మొదటిదాన్ని మాత్రం బళ్లలో పాఠ్యపుస్తకం చేశారు.

ఏడేళ్లకు ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ మోగింది.

"అక్కా, నేనే. అబెర్‌కి బళ్లో నీ పుస్తకం చెబుతున్నారు."

అచిరో ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"నిన్న నా కాలు చూసింది. నాన్న ఎవరని అడిగింది."

"ఏం చెప్పావు?"

"నా నోట రాలేదు. నీ పుస్తకం చివరిదాకా చదువుకోమన్నాను." అటునుంచి తలుపు తట్టిన చప్పుడు వినబడింది. "పొద్దుట్నుంచీ గది తలుపు తీయడం లేదు. పుస్తకంలో దాని నాన్న సంగతి తేలాక ఇంకా ఎన్ని పేజీలున్నాయో చెప్పక్కా, నాకు ఇంగ్లీషు చదవడం రాదు కదా."