పక్క మంచం లేబుల్

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, పన్నుల కార్యాలయం మూడో కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి కంప్యూటర్ తెరను నా వైపు తిప్పింది. నాలుగేళ్లుగా నాకు పెన్షన్ ఇస్తున్నది ఒక సిమెంటు ఫ్యాక్టరీ అని అందులో ఉంది. అది మా ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ. నేను దాని గేటు లోపలికి కూడా ఎప్పుడూ వెళ్లలేదు.

"ఫ్యాక్టరీలో ఏ సెక్షన్లో చేశారమ్మా?" అని అడిగింది.

"నేను చేసింది ఆసుపత్రి ల్యాబ్‌లో. ఇరవై తొమ్మిదేళ్లు."

"మరి ఫ్యాక్టరీ నంబరెందుకు వేశారు?"

నేను వేయలేదు. నోటీసు ఇరవై రోజుల కిందట మా ఇంటికి వచ్చింది. మా ఆయన చదివి, "ఏం కాదులే, కంప్యూటర్ అందరికీ పంపేదే ఇది," అని టీవీ కింద అరలో పెట్టారు. పందొమ్మిదో రోజున ఆ అర తుడుస్తుంటే నాకు దొరికింది. గడువు ఇరవై రోజులు. నోటీసు నా పేరున ఉంది, స్వయంగా రావాలని ఉంది. అందుకే మర్నాడు నేనే వచ్చాను.

ఆ అమ్మాయి విసుక్కోకుండా చెప్పింది. పెన్షన్ ఇచ్చే ప్రతి సంస్థకూ పది అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. నా పెన్షన్‌లోంచి కోసిన పన్ను ఆ సంఖ్య మీదే ప్రభుత్వానికి చేరుతుంది. ఫారంలో ఇంకొకరి సంఖ్య వేస్తే, అక్కడ నా పేరు దొరకదు. అప్పుడు కట్టిన పన్ను కట్టనట్టే లెక్క. సాయంత్రం నాలుగున్నరలోగా సరిచేయకపోతే నాలుగేళ్ల పన్నూ మళ్లీ కట్టాలి. జరిమానా దానికి అదనం.

మా ఆసుపత్రి సిబ్బంది పెన్షన్ నిధి వాళ్లు ఏటా పంపే కాగితాన్ని ఆమె ముందు పెట్టాను. నేను రిటైరవడానికి ముందు ఏడాది ఆసుపత్రి చేతులు మారింది. అందుకేనేమో, మొదటి ఏడాది నుంచీ ఆ కాగితంలో సంస్థ సంఖ్య ఉండాల్సిన గడి ఖాళీగానే వస్తోంది.

"ఖాళీగా ఉంటే ఖాళీ అనే చెప్పాల్సిందమ్మా. వాళ్ల పేరూ చిరునామా రాసి, మేం అడిగాం, వాళ్లివ్వలేదు అని ఒక ఉత్తరం జత చేస్తే ఈ ఏటిది తీసుకుంటాం. ఖాళీ వదలడం తప్పు కాదు. ఇంకొకళ్లది వేయడమే తప్పు. పాత నాలుగేళ్లూ మారాలంటే మాత్రం అసలు నంబరు తేవాలి."

వరండాలోకి వచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఏమండీ, నా ఫారంలో మీ ఫ్యాక్టరీ నంబరు వేశారా?"

"వేశా. ఆ గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదు. ఎవరిదైతే ఏంటి, ఇల్లొకటేగా?"

"నన్ను అడగాల్సింది."

"అడిగితే ఏం చెప్పేదానివి? నీ దగ్గరుందా నంబరు? లేదు కదా! నువ్వక్కడ ఏం వాగకు. రేపు నేనొచ్చి మాట్లాడతా."

"ఇవాళే ఆఖరు."

"ఇన్నాళ్లూ చేసింది నేను. ఒక్క పూట వెళ్లేసరికి నువ్వు ఆఫీసరువైపోయావు," అని పెట్టేశారు.

వరండాలో బెంచీ ఉంది. కూర్చున్నాను. ల్యాబ్‌లో నా మొదటి నెలలో పేరు లేని సీసా ఒకటి వచ్చింది. పదకొండో మంచం పేషెంటుదై ఉంటుందని ఊహించి ఆ లేబుల్ అంటించాను. అది పన్నెండో మంచం ఆమె రక్తం. డాక్టరు అందరి ముందూ తిట్టారు. పేరు లేకపోతే పరీక్ష ఆపు, మళ్లీ తీయమను, అంతేగానీ పక్క మంచం పేరు అంటించకు అన్నారు. తర్వాత ఇరవై తొమ్మిదేళ్లు ఆ తప్పు చేయలేదు. పొద్దున్నే ఐదింటికి లేచి వంట చేసి, రెండు బాక్సులు కట్టి, ఏడున్నరకు ల్యాబ్ తెరిచేదాన్ని. సాయంత్రం వచ్చాక నడుము వాల్చబోతే, "మైక్రోస్కోపులో కళ్లు పెట్టి కూర్చోవడమేగా, దానికి అలసటేంటి?" అనేవారు మా ఆయన. "రక్తాలూ మూత్రాలూ పట్టుకున్న చేతులు, రెండు సార్లు కడుగు," అనేవారు అత్తగారు. కడిగి, ఆ చేతులతోనే వండేదాన్ని. ఆవిడ తినేవారు. ఏడాదికోసారి మా ఆయన పన్ను ఫారం మడిచి తెచ్చేవారు. సంతకం పెట్టాల్సిన గీత మాత్రమే కనపడేది. పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూ ఉండేది. తడి చేయి పమిటకు తుడుచుకుని సంతకం పెట్టేదాన్ని. విప్పి చదవలేదు. అది నా తప్పే.

పెన్షన్ నిధి ఆఫీసుకు ఆరు సార్లు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. ఆసుపత్రికి చేస్తే, "పాత స్టాఫ్ వివరాలు మా దగ్గర లేవండీ," అని రిసెప్షన్‌లోంచి చెప్పారు. అప్పటికి పన్నెండు దాటింది. ఉత్తరం రాయడానికి కాగితం తీశాను. సంస్థ పేరు రాశాను. చిరునామా రాశాను. అప్పుడు తట్టింది. ఆ సంఖ్య నాది కాదు, సంస్థది. ఆ నిధి నుంచి పెన్షన్ తీసుకునే వాళ్లందరి కాగితాల మీదా ఉండేది అదే.

నాతో పాటు అదే రోజు రిటైరైన మనిషి ఒకరే. ల్యాబ్‌లో సీసాలు కడిగేది. అందరం సీసాలక్క అనేవాళ్లం. వీడ్కోలు సభ ఇద్దరికీ కలిపి పెట్టారు. నా గురించి నలుగురు మాట్లాడారు. తన వీడ్కోలుకు వచ్చినవాళ్లకు టీ అందించింది కూడా తనే. నాలుగేళ్లలో నేను తనకు ఫోన్ చేయలేదు.

రెండో రింగుకే ఎత్తింది.

"మేడమా! బతికే ఉన్నారా?"

"ఉన్నాను, సీసాలక్కా. నీ పెన్షన్ కాగితంలో సంస్థ నంబరు గడి ఖాళీగా ఉందా?"

"మొదటేడు ఖాళీగానే పంపారు. ఊరుకుంటానా? నిధి ఆఫీసుకెళ్లి మెట్ల మీద కూర్చున్నా. రేపు రా అన్నారు, రేపూ వెళ్లా. మూడో రోజు ఆ సారు చేత్తో రాసి స్టాంపేసిచ్చాడు. అప్పట్నుంచి ఏటా వెళ్తున్నా. నన్ను చూస్తే పెన్ను వెతుక్కుంటాడిప్పుడు."

ఉత్తరం కాగితాన్ని వెనక్కి తిప్పాను.

"మీకు రాసివ్వలేదా మేడం? మీకు ఇంట్లో చూసే మనిషున్నాడు, నాకెవరున్నారు అనుకునేదాన్ని."

"చదివి చెప్పగలవా?"

"అక్షరాలు రావుగానీ అంకెలు రావా? సీసాల మీద నేను చదవని అంకె ఉందా? ఉండండి, బియ్యం డబ్బాలో ఉంది." మూత తీసిన చప్పుడు వినపడింది. "రాసుకోండి."

పది అంకెలూ చెప్పింది. నేను తిరిగి చదివాను. "ఏడు కాదు, ఒకటి. మీరెప్పుడూ ఇంతే, ఆ రెండూ ఒకేలా రాస్తారు," అంది. దిద్దుకున్నాను.

"ఆదివారం వస్తాను," అన్నాను.

"రండి. టీ మాత్రం మీరే పెట్టాలి."

రెండున్నరకు నా వంతు మళ్లీ వచ్చింది. కౌంటర్‌లో అమ్మాయి పది అంకెలూ కొట్టింది. తెర మీద మా ఆసుపత్రి సిబ్బంది పెన్షన్ నిధి పేరు వచ్చింది. దాని కింద నా పేరు. నాలుగేళ్లుగా కోసిన పన్ను, నెల నెలా, వరసగా ఉంది. ఒక్క నెల కూడా పోలేదు.

"అంతా ఇక్కడే ఉందమ్మా. మీరు కట్టాల్సిందేం లేదు," అంది.

ఆ అమ్మాయి కుర్చీ చూపించింది. అక్కర్లేదన్నాను. ఐదు ఫారాలు తీసింది, నాలుగు పాతవి, ఒకటి ఈ ఏటిది. ఒక్కోటీ విప్పి చదివి సంతకం పెట్టాను. గంటకు పైగా పట్టింది. వెనక లైన్లో ఒకాయన రెండు సార్లు దగ్గాడు. నేను పేజీ తిప్పాను.

"పని పూర్తయినట్టు మెసేజ్ వస్తుంది, కాంటాక్ట్ నంబరు ఇదేనా?" అని ఆఖరున అడిగింది. మా ఆయనది.

"కాదు," అని నాది చెప్పాను.

బస్టాపులో సీసాలక్క టీ మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. పక్కనున్నావిడ సర్దుకుని నాకు చోటిచ్చింది.

ఐదింటికి ఇల్లు చేరాను. మా ఆయన సోఫాలో ఫోన్ చేతిలో పట్టుకుని ఉన్నారు.

"మెసేజ్ రాలేదింకా. పని కాలేదా? చెప్పానా, నీ వల్ల కాదని?"

సంచీ బల్ల మీద పెట్టాను. మెసేజ్ నాలుగూ పన్నెండుకు వచ్చింది. నా ఫోన్‌కు.