బీరువా వెనక గోడ

తడి గోడకు రంగు వెయ్యడం దర్జీ అక్క కళ్లారా చూసింది. పైఅంతస్తులో పైపు పగిలి, మిల్లు క్వార్టర్ల గోడలన్నీ నీళ్లు తాగాయి. పైపు ఇంకా కారుతూనే ఉంది. దాన్ని ముట్టుకోకుండా కాంట్రాక్టరు రంగు డబ్బాలతో దిగాడు.

"ముందు పైపు సంగతి చూడండి సార్. గోడ ఆరకుండా రంగేస్తే లోపల బూజు పట్టదా? మా అత్తకి అసలే ఆయాసం."

"కిటికీలు మూసుక్కూర్చుంటే బూజు పట్టక ఏం పడుతుంది? శుభ్రం చేతకాదు గానీ నోరు మాత్రం లేస్తుంది! ఇల్లు పాడుచేస్తే ఖాళీ చేయిస్తాం, జాగ్రత్త."

ఇల్లు పోతుందన్న భయంతో ఆమె పక్కకు తప్పుకుంది. నెల తిరక్కుండానే రంగు పొక్కి, నల్లటి బూజు బయటపడింది. సబ్బునీళ్లతో రుద్దింది, కడిగింది. నీళ్లు కారుతున్నంతకాలం గోడ ఆరేదెలా? చివరికి బీరువా జరిపి మచ్చను కప్పేసింది. ఆ బీరువా పక్కనే అత్త మంచం. రాత్రీ పగలూ దగ్గు.

అత్త పోయింది. పోయిందనడం అబద్ధం, చంపేశారు.

శవాన్ని బయటికి తియ్యబోతే బీరువా అడ్డొచ్చింది. నలుగురు దాన్ని పక్కకు లాగారు. గోడ నిండా బూజు. అంత ఏడుపులోనూ సిగ్గేసి, దర్జీ అక్క అరచేతుల్లో మొహం దాచుకుంది.

పక్కింటి వదిన మెల్లగా అంది. "మా ఇంట్లోనూ అంతే. నేనూ బీరువానే అడ్డం పెట్టా."

"మా ఇంట్లో మంచం పరుపు నిలబెట్టాం," అన్నాడు లారీ డ్రైవరు. "మన తెలివి తెల్లారినట్టే ఉంది! ఒకళ్లకి తెలీకుండా ఒకళ్లం దాచుకుని చస్తున్నాం."

అత్తను సాగనంపి వచ్చాక ఎవరూ ఇళ్లలోకి పోలేదు. మెట్ల మీదే మీటింగు.

"ఖాళీ చెయ్యమంటేనో?" డ్రైవరు జంకాడు.

"ఒక్క ఇంటినైతే గెంటేస్తారు అన్నా. అందర్నీ గెంటేస్తే మిల్లు వాడి బాబొచ్చి నడుపుతాడా?" తన గొంతు దర్జీ అక్కకే కొత్తగా వినిపించింది.

మర్నాడు కాంట్రాక్టరు మళ్లీ రంగు డబ్బాలతో వచ్చేసరికి, బీరువాలన్నీ గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాయి. ప్రతి కిటికీ బార్లా తెరిచి ఉంది. ముక్కుకూ నోటికీ గుడ్డలు కట్టుకున్న జనం, పలుగులతో తడి గోడల పెచ్చులు ఊడగొట్టి, తెచ్చి మిల్లు మేనేజరు కారు ముందు కుప్పపోస్తున్నారు.

"పైపు మార్చేదాకా పనిలోకి రాం! గోడ ఆరేదాకా రంగు పడనివ్వం!"

పోలీసులు దిగారు. "ఎవర్రా మీ నాయకుడు?"

"మా అత్త," అంది దర్జీ అక్క. "చేతనైతే పట్టుకోండి."

ఆమెను రెక్క పట్టి వ్యానెక్కించారు. పలుగుల చప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఆమె వ్యాను కిటికీలోంచి వెనక్కి తిరిగి చూసింది. అప్పుడు పక్కింటి వదిన పలుగు అందుకుని నేరుగా దర్జీ అక్క ఇంట్లోకి నడిచింది. అత్త మంచం పక్క గోడ మీద పడ్డ మొదటి దెబ్బ వ్యానుదాకా వినిపించింది.