బిజూ రాయి దగ్గర

మా ఊళ్లోని పాత దొరల బంగళా విన్‌ఫోల్డ్ హాల్‌లో శనివారం మధ్యాహ్నాలు నేను దెయ్యాన్ని. తెల్ల టోపీ, బూడిదరంగు గౌను వేసుకుని వెనక మెట్ల మలుపులో నిలబడాలి. మాట్లాడకూడదు. చూడవచ్చినవాళ్లను ఇల్లంతా తిప్పే మిసెస్ గాదర్‌కోల్ మా ఊరి అమ్మాయిలందరిలో నన్నే ఎంచుకుంది. "నీ నోట్లో నాలుకే లేదు, దెయ్యానికి నువ్వే సరి," అంది.

ఆవిడ చెప్పే కథ ఇది. ఎమ్మా అనే పనిమనిషి దొరసాని గౌనుకు పెట్టుకునే ముత్యాల బ్రోచ్ దొంగిలించి, పట్టుబడి, సిగ్గుతో చెరువులో దూకింది. ఇప్పటికీ మెట్ల మీద ఏడుస్తూ తిరుగుతుంది.

ఇంటికొచ్చి చెబితే నానమ్మ తాగుతున్న టీ కింద పెట్టేసింది.

"ఎమ్మా ఎవరే? అది మా మేనత్త థర్జా. ఆ ఇంట్లో రెండో పనిమనిషిగా ఎవరు చేరినా ఎమ్మా అనే పిలిచేవాళ్లు. కొత్త పేరు నేర్చుకోవడానికి దొరసానికి బద్ధకం."

థర్జా ఏదీ దొంగిలించలేదట. చెరువు గడ్డకట్టిన రోజుల్లో దొరసాని కుక్క మంచు మీదికి పరుగెత్తింది. వెళ్లి పట్టుకురమ్మని దొరసాని థర్జాను పంపింది. మంచు విరిగింది. థర్జా కుక్కను గట్టు మీదికి విసిరి తాను మునిగిపోయింది. అప్పటికి పదిహేడేళ్లు. ఆమె సమాధి మీది కర్ర శిలువ ఎప్పుడో పుచ్చిపోయింది. కుక్కకు మాత్రం చెరువు పక్కన పాలరాయి ఉంది: "బిజూ. 1911 జనవరిలో మంచులోంచి బతికి బయటపడింది."

ఆ రాయిని చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు ముద్దుగా నిమిరానో. తలుచుకుంటే నా చెయ్యి మీద నాకే అసహ్యం వేసింది.

మరుసటి శనివారం మిసెస్ గాదర్‌కోల్‌కు అంతా చెప్పాను. ఆవిడ నా టోపీకి పిన్నులు గుచ్చుతూ విన్నది.

"నిజమే కావచ్చు అమ్మాయ్. కానీ దొంగంటే జనం వస్తారు, కుక్క కోసం చచ్చిందంటే ఎవరొస్తారు? పైగా ఆ పేరు నోరు తిరగదు. పో, మెట్లెక్కు."

ఎక్కి నిలబడ్డాను. కింద "దొంగ" అన్న మాట వినిపించింది, వెనకే నవ్వులు. వాళ్లు చెరువు వైపు వెళ్లాక దిగి వెనకాలే నడిచాను. అందరూ బిజూ రాయికి ఫొటోలు తీస్తున్నారు. మధ్యలోకి వెళ్లి రాయి మీది అక్షరాలు పైకి చదివాను.

"ఈ కుక్కను బతికించింది నేను. నా పేరు థర్జా. నేనేమీ దొంగిలించలేదు."

"మరి బ్రోచ్ సంగతేంటి?" అని ఒకావిడ అడిగింది.

మిసెస్ గాదర్‌కోల్ నవ్వబోయింది. "కథన్నాక ఏదో ఒకటి ఉండాలి కదండీ."

అంటే అదీ కల్పితమే. ఆవిడ అక్కడే నా తల మీది టోపీ లాక్కుంది.

ఇప్పుడు మెట్ల మీద ఆవిడ మేనకోడలు నిలబడుతోంది. నేను నా సొంత కోటు వేసుకుని బిజూ రాయి దగ్గర నిలబడుతున్నాను. చర్చికి వెళ్లే ఊరి కాలిబాట ఆ పక్కనే. తరతరాలుగా అందరూ నడిచే దారి, నన్ను పొమ్మనే హక్కు ఎవరికీ లేదు. వచ్చిన ప్రతివాళ్లకూ జరిగింది చెబుతాను. నోరు తిరిగేదాకా ఆ పేరు పలికిస్తాను.